గడి ఎత్తు మీద మూడు గేర్ల సైకిలు

లింగంపల్లి చూసి వస్తానని ఇంట్లోనూ ప్రెస్సులోనూ చెప్పి బయలుదేరాను. లింగంపల్లి చూడకుండానే తిరిగి వచ్చాను. కాబట్టి లింగంపల్లి ఎలా ఉంటుందని నన్నెవరూ అడగవద్దు. నేను చూసి వచ్చింది దారి మధ్యలో ఉన్న ఒక ఎత్తు. కింద నిలబడి చూస్తే రెండు వందల అడుగుల పొడవుంటుందేమో. దాన్ని ఎక్కడానికి నాకు మూడు రోజులు పట్టింది. నిజం చెప్పాలంటే ఇరవై నాలుగేళ్ళు పట్టింది.

గోలకొండ దాటితే రాళ్ళు తప్ప ఏమీ లేవని పట్నంలో మనవాళ్ళు అనుకుంటారు. రాళ్ళున్న మాట నిజమే. ఆ రాళ్ళ మధ్య మనుషులు కూడా ఉన్నారు. వాళ్ళ గురించే ఇది రాస్తున్నాను.

నాంపల్లి బాగులో

నేను అచ్చుప్రెస్సులో అక్షరాలు కూర్చేవాడిని. వయసు ముప్పయ్యారు. మా నాయన ఎల్లయ్య దర్జీ. దసరాకు ముందు, పెళ్ళిళ్ళ రోజుల్లో, చేతి మిషను సైకిలు వెనక కట్టుకుని గోలకొండ అవతలి పల్లెలకు వెళ్ళేవాడు. ఎవరి బట్టలు వాళ్ళ అరుగు మీదే కూర్చుని కుట్టి వచ్చేవాడు. పన్నెండేళ్ళ వయసులో నేనూ వెంట వెళ్ళాను. సీటు అందదు కాబట్టి సైకిలు నడిమి బద్ద కింద నుంచి కాలు దూర్చి కైంచి తొక్కేవాడిని.

గచ్చిబౌలి దాటాక ఒక పల్లె ఉంది. పేరు రాయను, అక్కడి దొర ఇంటి మనవలు ఇప్పుడు బడికి వెళుతున్నారు. ఊరి నడిమిన ఎత్తు మీద దొర గడి, కోటలాంటి ఇల్లు. దాని ముందు నుంచి పోయే ఎవరైనా చెప్పులు విడిచి, సైకిలుంటే దిగి, తోసుకుంటూ నడవాలి. నాయన కుట్టుపనిలో ఉన్నప్పుడు నేను సైకిలు తీసుకుని పై నుంచి కిందికి, గడి తలుపుల ముందు నుంచే, కైంచి తొక్కుతూ దూసుకు వచ్చాను. దిగలేదు. నాకు తెలియదని కాదు, దిగుడులో ఆ గాలి అంత బాగుంది.

సాయంత్రం నాయనను పిలిపించారు. సైకిలు నెత్తిన పెట్టుకుని ఎత్తు కింద నుంచి పైదాకా, పై నుంచి కిందిదాకా నడవమన్నారు. కనుబొమ మీద కోత ఉన్న కావలి మనిషి కిష్టయ్య సైకిలు ఎత్తి ఆయన నెత్తిన పెట్టాడు. ఆయన ఎవరి రవికలు కుడుతున్నాడో వాళ్ళంతా చూస్తూ నిలబడ్డారు. నాయన నడిచాడు. నన్ను ఒక్క మాట అనలేదు. వారం తిరగకముందే ఆ సైకిలు అమ్మేశాడు, ఆ వైపు మళ్ళీ వెళ్ళలేదు. కొట్టి ఉంటే ఆ దెబ్బ మానిపోయేది. ఆయన ఏమీ అనకపోవడమే నాకు ఇన్నేళ్ళూ మానలేదు. ఆ తరువాత నేను సైకిలు ముట్టలేదు.

మరి ఇప్పుడెందుకు ముట్టానంటే, మా ప్రెస్సు యజమాని వల్ల. సికింద్రాబాదులో సామానంతా అమ్ముకుని దేశం విడిచి పోతున్న ఒక తెల్ల అధికారి దగ్గర ఆయన మూడు గేర్ల సైకిలు కొన్నాడు. ఆ గేర్లు ఆయనకు లొంగలేదు. రెండుసార్లు పడి, "సత్తయ్యా, ఇది నీ పాలబడింది, తీసుకుపో" అన్నాడు. వెనక చక్రం నడిమిన లావుపాటి డబ్బా, కుడి పిడి దగ్గర చిన్న మీట. మీట పూర్తిగా లాగితే తేలిక గేరు, సగం వదిలితే నడిమి గేరు, మొత్తం వదిలితే ఉరుకుడు గేరు. తేలిక గేరుతో ఎంత ఎత్తయినా ఎక్కవచ్చని ఆ తెల్లాయన చెప్పాడట. ఆ మాట వినగానే నాకు గుర్తుకు వచ్చిన ఎత్తు ఒక్కటే.

నెల రోజులు పొద్దున్నే నాంపల్లి బాగు తోట చుట్టూ తిరిగాను. సైకిలు ఒకసారి వస్తే మరిచిపోమంటారు. కాళ్ళు మరిచిపోలేదు గాని నడుము మరిచిపోయింది. మూడో రోజున ఒక జట్కా గుర్రం మూతికి నా మూతి తగిలేంత దగ్గరగా వెళ్ళి ఆగాను. జట్కా అతను కళ్ళెం లాగి నిదానంగా అన్నాడు: "అన్నా, నా గుర్రానికి గంతలున్నయ్. నీకేమున్నయ్?"

నెలాఖరుకు చక్కగా తొక్కగలిగాను. గేర్లు మాత్రం మీట లాగినప్పుడు ఒకసారి పడేవి, రెండుసార్లు పడేవి కావు. బల్లపరుపు నేల మీద అది పెద్ద లోటుగా తోచలేదు. మూడు రోజుల సెలవు అడిగి బయలుదేరాను. నాయనకు కూడా లింగంపల్లి అనే చెప్పాను. ఆయన చూపు తగ్గింది కాబట్టి సైకిలును చేత్తో తడిమి చూశాడు. "బ్రేకులు మంచిగున్నయా?" అని అడిగాడు.

నార్సింగి దగ్గర

మెహదీపట్నం దాటాక దారి ఖాళీ. నిజాం రాజ్యం పోయి ఏడాది దాటింది. దారిలో ఫౌజీ లారీలు కూడా తగ్గాయి. ఒకటి అరా ఎడ్లబండ్లు, గడ్డి మోపులతో ఆడవాళ్ళు, మిగిలినదంతా నాదే. ఉరుకుడు గేరులో చక్రం టిక్కు టిక్కుమంటూ పోతుంటే నాకు పాట పాడాలనిపించింది. పాడాను కూడా. వినేవాళ్ళు లేరు కాబట్టి బాగానే పాడాను.

నార్సింగి దగ్గర ఒకావిడ గంప ముందు పెట్టుకుని సీతాఫలాలు అమ్ముతున్నది. పట్నంలో అవి డజను లెక్కన కొంటాం. ఇక్కడ గంప లెక్క. గంపెడు నాలుగణాలంది. కల్దారు నాణెం, అంటే ఇండియా సర్కారుది, ఇస్తే తిప్పి తిప్పి చూసి వెనక్కి ఇచ్చింది.

"గిది వద్దు బిడ్డా, మన సిక్కా ఉంటె ఇయ్యి. ఎవరింటికి వోతున్నవు?"

పట్నంలో కొత్త మనిషిని ఏం పని చేస్తావని అడుగుతారు. ఇక్కడ ఎవరింటికని అడుగుతారు.  "ఎవరింటికీ కాదు పెద్దమ్మా, ఒక ఎత్తు ఎక్కేదుంది" అంటూ నిజాం సిక్కా తీసి ఇచ్చాను.

ఆమె నన్ను, సైకిలును, నా కొత్త పంచెను వరుసగా చూసింది. "ఎక్కు మరి. పండ్లు ఆడనే తిను, మీదికి పోయినంక. ఇప్పుడు తింటె కడుపు బరువైతది." ఆ సలహా వినకుండా అక్కడే ఆరు తిన్నాను. మిగిలినవి సంచిలో వేసుకున్నాను. అంత తీపి సీతాఫలం నేను మళ్ళీ తినలేదు.

గడి ఎత్తు

మధ్యాహ్నానికి ఆ పల్లె చేరాను. ఎత్తు మొదట్లో ఒక పలకరాయి. దాని పక్కన వరుసగా చెప్పులు, పదో పన్నెండో జతలు. నా చిన్నప్పుడు ఆ రాయి ఎలా ఉండేదో అలాగే ఉంది. పొలం నుంచి వస్తున్న ఒకతను సైకిలు దిగి, చెప్పులు విడిచి హ్యాండిలుకు తగిలించుకుని, తల వంచుకుని తోసుకుంటూ పైకి పోయాడు. పిడులు గట్టిగా పట్టుకున్నాను. భయమో కోపమో నాకే తెలియలేదు.

నేను దిగలేదు. చెప్పులతోనే నడిమి గేరులో ఎక్కడం మొదలుపెట్టాను. సగం దాకా వెళ్ళాక కాళ్ళు మొరాయించాయి. ఇదే అదను అనుకుని, ఒంటి బరువంతా వేసి తొక్కుతూ మీట లాగాను. ఏమీ కాలేదు. ఇంకా గట్టిగా తొక్కాను. ఒక్కసారిగా తొక్కుడు బద్ద ఖాళీగా గిర్రున తిరిగింది. కాలు జారి బొటనవేలంత లావు ఇనుము నా పిక్కకు తగిలింది. సైకిలు ఒక పక్కకు, సీతాఫలాలు ఇంకో పక్కకు పోయాయి. నేను లేచి నిలబడ్డది సరిగ్గా గడి తలుపుల ముందు. చెప్పులు రెండూ ఊడి ఎక్కడో పడ్డాయి.

తలుపు పక్కన అరుగు మీద కూర్చున్న ముసలి కావలి మనిషి చేయెత్తి మెచ్చుకున్నాడు.

"మంచిది బిడ్డా. పట్నమోనివైనా మర్యాద ఎరిగినవు. దిగినవు, చెప్పులు సుత విడిచినవు."

నాకు ఏడుపు వచ్చినంత పని అయింది. నేను దిగలేదనీ, పడ్డాననీ అరిచి చెప్పాలనిపించింది.  అతను లేచి వచ్చి నా సీతాఫలాలు ఏరి ఇచ్చాడు. అప్పుడు చూశాను, కనుబొమ మీద ఆ పాత కోత. ఇతను కిష్టయ్య. మా నాయన నెత్తికి సైకిలు ఎత్తినవాడు.

"దొర లోపల ఉన్నాడా?" అని అడిగాను.

"దొర యాడున్నడు? పట్నంల బంగళా తీసుకున్నడు. ఏడాదాయె. లోపల గబ్బిలాలు తప్ప ఎవరు లేరు."

"మరి ఇంకా ఎవరి కోసం దిగుతున్నారు?"

అతను ఆ ప్రశ్న ఎప్పుడూ విననట్టు చూశాడు. "ఎవరి కోసమేంది? ఎత్తున్నది గద బిడ్డా. గీ ఎత్తు ఎవడు తొక్కుతడు? ఎట్లైనా దిగాలె. దిగినంక చెప్పులు విడిస్తె ఏం వోతది?"

ఆ మాట నన్ను పడిపోవడం కన్నా గట్టిగా తాకింది. ఊరందరికీ ఆ ఎత్తు ఒక సాకు అయింది. దొర కోసం దిగుతున్నామని ఎవరూ ఒప్పుకోనక్కరలేదు, ఎత్తు కోసం దిగుతున్నామని చెప్పుకోవచ్చు. తొక్కి చూపిస్తే ఆ సాకు పోతుంది. నేను తొక్కలేకపోయాను. పైగా వాళ్ళకు ఇంకో రుజువు ఇచ్చాను. చెప్పులు ఏరుకుని సంచిలో వేసుకుని, అక్కడి నుంచి సైకిలు తోసుకుంటూ, కుంటుతూ, తల దించుకుని పోయాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

హఫీజ్‌పేట పట్టాల పక్కన

కొండాపూరు దాటి పొద్దుగుంకే వేళకు హఫీజ్‌పేట స్టేషను చేరాను. పిక్క వాచి కాలు మోపనివ్వలేదు. లింగంపల్లి ప్రయాణం అక్కడే ఆగిపోయింది. స్టేషనులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ యాదగిరి నన్ను చూసి, ఏం అడగకుండా ముందు నీళ్ళు ఇచ్చాడు. తరువాత తన క్వార్టరుకు తీసుకుపోయాడు. అతని భార్య బాలమణి పిక్కకు వేడి ఉప్పు కాపడం పెట్టించింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు, వేయించిన పల్లీలు పెట్టింది. పట్నంలో రొట్టె చల్లారాక తింటాం. ఆమె పెనం మీది రొట్టె నేరుగా నా పళ్ళెంలో వేస్తూ పోయింది. ఐదు తిన్నాను. ఆరోది వద్దంటే ఆమెకు కోపం వచ్చింది.

మరునాడు పొద్దున నా కథంతా చెప్పాను. యాదగిరి గడి మాట తల వంచి విన్నాడు. మీట మాట దగ్గర మాత్రం నవ్వు ఆపుకోలేకపోయాడు.

"జర ఆగన్నా. తొక్కుకుంట లాగినవా? గంత బరువేసి?"

"బరువేస్తేనే కదా పడుతుంది?"

"రా, చూపిస్త."

పట్టాలు చీలే చోట ఉన్న పెద్ద ఇనుప మీట దగ్గరికి తీసుకుపోయాడు. "ఇగో, ఇది గుంజితె బండి గా లైనుకు మళ్ళుతది. ఎప్పుడు గుంజాలె చెప్పు. బండి దీని మీద ఉన్నప్పుడా?"

"అప్పుడు గుంజితే డబ్బాలు పడిపోవూ?"

"పండుకుంటయి, నువ్వు పండుకున్నట్లే. బండి రాకముందు గుంజాలె. పట్టా మీద బరువు ఉండొద్దు. నీ సైకిలు డబ్బల సుత గట్లనే పండ్ల చక్రాలుంటయి. కాలు బరువు తీసెయ్యి, ఒక్క లెక్క తొక్కుడు ఆపు, మీట గుంజు, మళ్ళ తొక్కు. ఎత్తు మీద బరువు తీస్తె బండి ఆగుతది. గందుకని ఎత్తు రాకముందే మార్చాలె."

ఎత్తు రాకముందే. నెల రోజుల నుంచి నేను చేసిన తప్పు అంతా ఆ మాటలో ఉంది. బరువు ఎక్కువైనప్పుడు ఇంకా బలం వేయడమే నాకు తెలిసిన విద్య. ప్రెస్సులో బిగుసుకున్న చట్రాన్ని సుత్తితో కొట్టి వదులు చేసేవాడికి, కాలు ఎత్తేయమంటే ఎలా తెలుస్తుంది?

యాదగిరి వెనక చక్రం దగ్గర వేలాడే చిన్న గొలుసును రెండు చుట్లు బిగించాడు. అది వదులుగా ఉండడం వల్లనే ఖాళీగా తిరిగిందన్నాడు. ఆ రోజంతా రైలు గేటు దగ్గరి కట్ట మీద నేర్చుకున్నాను. ఆపు, గుంజు, తొక్కు. మొదట మూడు పనులూ ఒకేసారి చేసి తుమ్మకంపలోకి వెళ్ళాను. బాలమణి గుమ్మంలో నుంచి "మళ్ళ కంపలనే?" అని అడిగేది. సాయంత్రానికి ఒక గుట్టు కనిపెట్టాను. నడిమి గేరులో చక్రం టిక్కు టిక్కుమంటుంది. తేలిక గేరు పడగానే ఆ చప్పుడు ఆగిపోతుంది. చూడనక్కరలేదు, వింటే చాలు. సాయంత్రం పాసింజరు వెళ్ళిపోయాక యాదగిరి కట్ట కింద నిలబడి చూశాడు. వరుసగా పదిసార్లు ఎక్కాను. పదోసారి అతను చేతిలోని పచ్చజెండా ఊపాడు. ఉద్యోగం పోయే పని అని తిట్టాను గాని నా ఛాతీ రెండింతలైంది.

మళ్ళీ ఎత్తు

మూడో రోజు తిరుగు దారిలో ఆ పల్లెకు పై వైపు నుంచి వచ్చాను. అంటే ముందు దిగుడు. పన్నెండేళ్ళప్పుడు వచ్చిన దారే. గడి తలుపుల ముందు నుంచి, చెప్పులతో, సీటు మీద కూర్చునే దిగాను. కిష్టయ్య అరుగు మీది నుంచి "ఓయ్, ఓయ్!" అని లేచాడు. నేను ఆగలేదు. అక్కడితో చాలు అనుకుంటే పట్నం దారి పట్టవచ్చు. కానీ దిగుడు ఎవరైనా తొక్కగలరు. నేను చిన్నప్పుడే తొక్కాను.

కింద చాలా దూరం పోయి సైకిలు తిప్పాను. పల్లీలు పీకుతున్న ఆడవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. వేగంగా వచ్చాను. ఎత్తు ఇంకా మొదలు కాలేదు, పలకరాయి వచ్చింది. ఊరంతా చెప్పులు విడిచే ఆ రాయి దగ్గర నేను కాలు బరువు తీసి, ఒక్క క్షణం ఆపి, మీట లాగాను. టిక్కు టిక్కు ఆగిపోయింది.

ఎంత నెమ్మదిగా ఎక్కానో చెబితే నవ్వుతారు. పక్కన కోడి నడిస్తే నన్ను దాటిపోయేది. కాళ్ళు గిరగిర తిరుగుతున్నాయి, బండి జానెడు జానెడే పోతున్నది. కానీ పోతున్నది! సగం దాటాను. మొన్న కాళ్ళు మొరాయించిన చోటు దాటాను. వెనక నుంచి ఒక ఆడమనిషి గొంతు: "ఓ తల్లో, దిగుతలేడే!" తలుపుల ముందుకు వచ్చాక తల ఎత్తి ఆ గడిని చూశాను. నా చిన్నప్పుడు అది నాకు పూర్తిగా కనబడలేదు, ఎవరూ తల ఎత్తేవారు కాదు. పెచ్చులూడిన గోడ, తుప్పు పట్టిన తాళం, అంతే. పై నేల మీదికి ఎక్కేశాను. గంట మోగించాను. పదిసార్లు మోగించాను. కేక పెట్టాను కూడా, ఏమని అరిచానో గుర్తు లేదు.

కిష్టయ్య దగ్గరికి వచ్చాడు. ఊపిరి అందక నేను హ్యాండిలు మీద వాలి ఉన్నాను.

"ఎవలివి బిడ్డా నువ్వు?"

"దర్జీ ఎల్లయ్య కొడుకును. నీకు గుర్తుండాలి."

అతని ముఖం నల్లబడింది. చూపు నా సైకిలు వైపు తిప్పాడు. "ఉన్నడా మీ నాయన?"

"ఉన్నాడు."

"నేనే ఎత్తిన బిడ్డా నెత్తికి. ఎత్తకుంటె నా నెత్తికెత్తుతుండిరి."  నేను తిట్టడానికి ఇరవై నాలుగేళ్ళుగా దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి. ఆ ముసలి కాళ్ళు చూశాక ఒక్కటీ బయటికి రాలేదు. పగుళ్ళు పట్టి, రాళ్ళకు కోసుకుపోయిన కాళ్ళు. ఆ ఎత్తును రోజూ ఉత్త కాళ్ళతో ఎక్కి దిగేది ఊళ్ళో అందరికన్నా అతనే.

"ఇంకోసారి తొక్కుతవా?" అన్నాడు.

"వందసార్లు తొక్కుతా."

ఇద్దరం కిందికి వెళ్ళాం. నేను సైకిలు తిప్పుకుని వచ్చేసరికి అతను పలకరాయి దగ్గర తన చెప్పుల ముందు నిలబడి ఉన్నాడు. అటూ ఇటూ చూశాడు. ఒక కాలు దూర్చాడు, తరువాత రెండోది. నేను మీట లాగి ఎక్కడం మొదలుపెట్టాను. ఆ గేరు ఎంత నెమ్మదంటే, ముసలివాడు నా పక్కనే నడిచి రాగలిగాడు. పైదాకా అతని చెప్పులు టపటపమంటూనే ఉన్నాయి. పల్లీల చేనులో నుంచి ఎవరో ఈల వేశారు. కిష్టయ్య సిగ్గుపడి, "ఎత్తేం లేదు బిడ్డా, ఉత్తదే" అన్నాడు.

ఇల్లు

ఆ సాయంత్రం నాంపల్లి చేరేసరికి నాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చక్రం చప్పుడు విని, "లింగంపల్లి మంచిగున్నదా?" అని అడిగాడు.

"లింగంపల్లికి పోలే నాయనా. గడి ఎత్తు ఎక్కొచ్చిన. సైకిలు మీద."

నాయన చేతిలో సూది ఆగింది. ఎక్కడ దిగావని అడిగాడు. దిగలేదన్నాను. తలుపుల కాడ సుత దిగలేదా అని మళ్ళీ అడిగాడు. దిగలేదని మళ్ళీ చెప్పాను. కిష్టయ్య చెప్పులేసుకుని నడిచాడని చెప్పాను. ఆయన కన్నీళ్ళు తుడుచుకోలేదు, వాటిని అలాగే కారనిచ్చాడు. నేను ఆయన పాదాల దగ్గర కూర్చున్నాను. నా తల మీద చేయి వేసి, ఇరవై నాలుగేళ్ళ కిందట అనవలసిన మాట అన్నాడు.

"నీ తప్పేం లేకుండె బిడ్డా."

తరువాత లేచి లోపలికి వెళ్ళాడు. మూల నుంచి చేతి మిషను బయటికి తెచ్చి, మూత తీసి, చక్రం తిప్పి చూశాడు. అది కీచుమంది. నూనె బుడ్డి అందుకున్నాడు.

"గీ మిషను కట్టుకుంటె సుత ఎక్కుతదా, నీ మూడు గేర్ల బండి?"

"ఎక్కుతది నాయనా. ఎత్తు రాకముందే మార్చాలె, గంతే."

"అయితే పోదాం. ఆ ఊళ్ళె రవికలు సగంల విడిచొచ్చిన" అంటూ నాయన మిషనుకు చుక్క చుక్కగా నూనె వేశాడు.